చేతి పొరపాటు

సోమవారం పొద్దున్న పదిన్నరకి పలుకు మళ్లీ పగిలింది. మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే పలుకులమ్మ పక్కనున్న టైమర్ని తడిమి ఆపింది. ఏడు నిమిషాల పది సెకన్లు. ముందు మధ్యలో సన్నటి గీత పడింది, ఆ గీతలోంచి అడ్డంగా ఇంకో రెండు లేచాయి, చూస్తూండగానే పుల్లలా పొడుగ్గా ఉన్న పలుకు నాలుగు ముక్కలై మందు చుక్క అడుక్కి చేరింది. గురువారం పగిలిందీ ఇలాగే, శుక్రవారం పగిలిందీ ఇలాగే.

ప్రోటీన్ చేత స్ఫటికాలు కట్టించడం ఆమె ఉద్యోగం. ఉప్పునీళ్లు ఎండితే అడుగున పలుకులు కట్టినట్టే, ప్రోటీన్ కూడా ఓపిగ్గా బతిమాలితే పలుకులు కడుతుంది. కాకపోతే ఉప్పుకి లేని పొగరు దీనికి ఉంటుంది. గదిలో వేడి ఒక్క డిగ్రీ పెరిగినా అలుగుతుంది, తలుపు గట్టిగా వేసినా అలుగుతుంది. ఆరేళ్లుగా ఈ అలకలు తీరుస్తోంది కాబట్టి ల్యాబ్‌లో అందరికీ, పెద్దసారుతో సహా, ఆమె పలుకులమ్మే.

ఇప్పుడు చేతిలో ఉన్న ప్రోటీన్ మలేరియా పరాన్నజీవిది. దోమకాటుతో ఒంట్లోకి దిగిన ఆ జీవి చివరికి ఎర్ర రక్తకణంలో దూరి, అక్కడున్న హిమోగ్లోబిన్‌ని తిని బతుకుతుంది. అంత పెద్ద ముద్దని ముక్కలు చేసుకోవడానికి దానికి కొన్ని ఎంజైములు కావాలి. వాటిలో ఒకటి ఇది. ల్యాబ్‌లో దీని ముద్దుపేరు కత్తెర. కత్తెర నోట్లో అడ్డంగా ఇరుక్కునే మందు దొరికితే, పరాన్నజీవి నిండు కంచం ముందు కూర్చుని ఆకలితో చస్తుంది. ఆ మందు కోసమే ఇంతమంది తంటాలు. పలుకుని మందు కలిపిన చుక్కలో నానబెట్టి ఎక్స్‌రే కిరణాలు పంపితే, మందు కత్తెర నోట్లో కూర్చుందో లేదో బొమ్మలో తెలుస్తుంది. పలుకు పగిలితే బొమ్మ లేదు, బొమ్మ లేకపోతే ఆ మందుని పక్కన పడేస్తారు.

పగిలిన ప్రతి పలుక్కీ రిజిస్టరులో ఒక వరస ఉంటుంది. తేదీ, మందు నంబరు, కారణం, సంతకం. కారణం పెద్దసారు రాస్తారు, సంతకం పలుకు పట్టినవాళ్లు పెడతారు. ఆరు నెలల్లో అయిదు 'చేతి పొరపాటు'లు పడితే ఆ మనిషి స్ఫటికాల గదిలోంచి వెళ్లిపోవాలి. పలుకులమ్మకి ఇప్పటికే నాలుగు పడ్డాయి. మొదటిది నిజంగా ఆమెదే, పలుకు ఎత్తుతూ తుమ్మింది. రెండోది కరెంటు పోయి గది వేడెక్కిన రోజుది. మూడూ నాలుగూ పదిహేడో మందువి, గురువారానివి, శుక్రవారానివి. సారు రాశారు, ఎదురుచెప్పడం ఎందుకని ఆమె పెట్టేసింది.

పెద్దసారు వచ్చి మైక్రోస్కోపులో చూశారు. నాలుక చప్పరించారు. చెడ్డ మనిషి కాదాయన, తీరిక లేని మనిషి. రిజిస్టరు తీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో కారణం గడిలో 'చేతి పొరపాటు' అని రాసి, పుస్తకాన్ని ఆమె వైపు తిప్పారు.

ఆమె పెన్ను తీసుకుంది. మూత తీసింది. మళ్లీ పెట్టేసింది.

"నా చెయ్యి కాదు సార్."

"మరి ఎవరి చెయ్యి?"

"పదిహేడో మందుది. చేతి తప్పయితే ఒకసారి రెండు నిమిషాలకి పోవాలి, ఒకసారి ఇరవైకి పోవాలి. మూడుసార్లూ ఏడు నిమిషాలకే ఎందుకు పోతుంది? రెప్ప మూసుకుంటోందేమో సార్."

సారు నవ్వారు. "ఆడలేక మద్దెల ఓడందట ఎవరో. అటు చూడమ్మా."

గోడ మీద కత్తెర బొమ్మ ఉంది, నిలువెత్తుది. దగ్గరికి చేర్చిన రెండు దోసిళ్లలా రెండు సగాలు, వాటి మధ్య లోతైన గాడి, గాడి మీద వంగిన చిన్న రెప్ప. హిమోగ్లోబిన్ తెగేది ఆ గాడిలోనే. రెప్ప సగం తెరుచుకుని ఉంది. ఆ బొమ్మ గీయడానికి సారుకి పదేళ్లు పట్టింది.

"పదేళ్లు చూశాను దాన్ని. కాస్త అటూ ఇటూ ఊగుతుందంతే. పలుకుని పగలగొట్టేంతగా కదలదు. శుక్రవారం మీటింగులో పదిహేడుని కొట్టేస్తున్నాం. సంతకం పెట్టు."

"శుక్రవారం దాకా టైమివ్వండి సార్."

"దేనికి?"

"మందు ముందే కలిపి, తర్వాత పలుకు కట్టిస్తాను."

సారు కాసేపు ఆమెని ఎగాదిగా చూశారు. "నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్లా? సరే, శుక్రవారం పొద్దున్న. బొమ్మ వచ్చిందా సరేసరి. లేదంటే ఇక్కడ సంతకం, నా బల్ల మీద ఈ గది తాళం."

సారు వెళ్లాక ఆమె రిజిస్టరు మూసింది. స్టూలు మీద కూర్చుంది. ఈ గది పోతే ఉద్యోగం పోదు, పంపేది గాజుసామాను కడిగే గదికే. కానీ తన చేతి మీద తనకి నమ్మకం పోతుంది. అది పోగొట్టుకున్న మనిషిని ఆమె రోజూ చూస్తూనే ఉంది.

ఆయన్ని అందరూ బాబాయి అంటారు. ఆరేళ్ల కిందట స్ఫటికాల గది ఆయనదే. ఆమెకి చుక్క వేలాడదీయడం, గాజుబిళ్ల అంచుకి గ్రీజు రాయడం, వెంట్రుకంత సన్నటి ఉచ్చుతో పలుకుని నీళ్లలోంచి ఎత్తడం నేర్పింది ఆయనే. అయిదో సంతకం పడ్డాక కింద అంతస్తులోకి పంపారు. అప్పట్నుంచి జాడీలూ గొట్టాలూ కడుగుతున్నాడు. చిన్న గ్లాసునైనా రెండు చేతులతోనే పట్టుకుంటాడు. టీ కూడా అంతే.

వాడిన గొట్టాల ట్రే తీసుకుని ఆమె కిందికి వెళ్లేసరికే వార్త అక్కడికి చేరిపోయింది.

"పెట్టెయ్యి తల్లీ," అన్నాడు బాబాయి సీసా తోముతూ. "నేను పెట్టలా? ఏం కొంపలు మునిగాయి? అక్కడ చలికి కీళ్లు పట్టేస్తాయి. ఇక్కడ నీళ్లన్నా వెచ్చగా ఉంటాయి."

"నీ చెయ్యి నిజంగా వణికేదా బాబాయ్?"

"సారు రాశారుగా."

"సారు రాశారు సరే, నువ్వు చూశావా?"

"నేనెలా చూస్తానే? నా కళ్లు మైక్రోస్కోపులో ఉంటే!" అని నవ్వాడు. నవ్వుతూనే సీసాని రెండు చేతులతో ఎత్తి ఆరబెట్టే చువ్వకి తగిలించాడు. తగిలించాక కూడా ఒక క్షణం వదల్లేదు. ఆమెకి ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియలేదు, ముందు మాత్రం ఆయన మీదే.

మధ్యాహ్నం కొత్త పళ్లెం తీసింది. ఇరవైనాలుగు గుంటలు. ఇన్నాళ్లూ ముందు పలుకు కట్టించి తర్వాత మందులో నానబెట్టేవాళ్లు. రెప్ప తెరుచుకున్న కత్తెరలు లక్షలకి లక్షలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడితేనే పలుకు. కిక్కిరిసిన బస్సులో నిలబడ్డవాళ్లంతా ఒక్కసారి చేతులు కట్టుకోబోతే ఏమవుతుంది? అద్దాలు పగులుతాయి. అదే చేతులు కట్టుకున్నాకే బస్సెక్కితే? ఇంకో రకంగా సర్దుకుంటారు. అందుకని పదిహేడో మందుని ప్రోటీన్‌లో ముందే కలిపి గంటసేపు చలిలో ఉంచింది. ఒక్కో గాజుబిళ్ల మీద ఒక్కో చుక్క వేసి, ఊపిరి బిగబట్టి తిరగేసి, గుంట మీద మూసింది. ఇరవైనాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి మెడ కొయ్యబారిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూంటే అత్తయ్య కుట్టుమిషను ఆపి ఇటు తిరిగింది. ముప్పై ఏళ్లు బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలు కుట్టిన మనిషి. చత్వారం వచ్చినా ఎక్కడ కుట్టు వంకరపోయిందో చప్పుడు బట్టే చెప్తుంది.

"అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారని విన్నాను. ఉల్లిపాయల మీద చూపిస్తున్నావంటే నా మీద కాదన్నమాట. ఎవరి మీద?"

పలుకులమ్మ చెప్పింది. అత్తయ్య దారం కొరికి, చొక్కాని దులిపి, మడిచిపెట్టింది.

"మా ఫ్యాక్టరీలోనూ అంతే. చిరిగిన ప్రతి చొక్కాకీ కుట్టినదాని నంబరు తగిలించేవాళ్లు. ఒకసారి గుడ్డే పుచ్చింది. తానంతా పుచ్చింది. సూది దిగితే చాలు, పిగిలిపోయేది. నలుగురం సంతకాలు పెట్టాం."

"గుడ్డదని చెప్పలేదా?"

"ఎవరు రాస్తారే పిల్లా? గుడ్డకి సంతకం రాదుగా." మళ్లీ మిషను వైపు తిరిగి, "పొరపాటు నీదైతే ఇప్పుడే వెళ్లి పెట్టిరా. కాదంటే చచ్చినా పెట్టకు. నేను పెట్టాను, ఇప్పటికీ చొక్కా చిరిగిన చప్పుడు వింటే నేనే చింపానేమో అనిపిస్తుంది," అంది.

మంగళవారమంతా పలుకులమ్మ పాత పలుకులతో సరిచూసుకుంది. ఒకదాన్ని మందు కలపని ద్రావకంలో నానబెట్టింది. గంటయినా చెక్కుచెదరలేదు. ఇంకోదాన్ని తొమ్మిదో మందులో నానబెట్టింది. అదీ చెక్కుచెదరలేదు. మూడోదాన్ని పదిహేడులో వేసింది. ఏడు నిమిషాల ఇరవై. అన్నీ రాసిపెట్టుకుంది. కొత్త పళ్లెంలో మాత్రం ఏమీ లేదు. ఇరవైనాలుగు చుక్కలూ కడిగిన అద్దాల్లా తేటగా, పనీపాటా లేకుండా ఉన్నాయి.

బుధవారం నాటికి ఆ చుక్కల్లో పది గోధుమరంగు మడ్డిగా మారాయి. మిగతావి అలాగే ఉన్నాయి. ఇక ఆగితే లాభం లేదనుకుని ఆమె సారు గదికి వెళ్లింది.

"ఒక్కసారి మీ చేత్తో వెయ్యండి సార్."

"నేనా?"

"మీ చేతి కింద పగలకపోతే ఇప్పుడే సంతకం పెడతాను. శుక్రవారం దాకా కూడా అక్కర్లేదు."

సారు చెయ్యి ఒకప్పుడు పేరున్న చెయ్యి. ఆ సంగతి గుర్తుచేసేసరికి ఆయన మొహంలోకి ఏదో ఉషారు వచ్చింది. చొక్కా చేతులు మడిచారు, స్టూలు ఎత్తు సరిచేసుకున్నారు, ఉచ్చుని వెలుతురుకి పట్టి చూశారు. పలుకులమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది, రేపు తననేమీ అనకుండా. సారు పలుకుని ఎత్తారు, పదిహేడు చుక్కలోకి జార్చారు. ఎంత నాజూగ్గా చేశారంటే ఆమెకి కూడా ముచ్చటేసింది. టైమరు నొక్కింది.

అయిదు నిమిషాలయ్యాక సారు, "చూశావా? హాయిగా ఉంది," అన్నారు.

ఆమె టైమరు వంకే చూస్తోంది. ఆరు నిమిషాలయింది. సారు కన్ను మైక్రోస్కోపుకి అతికినట్టుండిపోయింది. ఏడు దాటి రెండు సెకన్లకి ఆయన భుజాలు కొద్దిగా దిగాయి.

ఆమె వెళ్లి చూసింది. మధ్యలో గీత, అడ్డంగా రెండు, నాలుగు ముక్కలు. బల్ల సొరుగులోంచి రిజిస్టరు తీసి, కొత్త వరసలో తేదీ, మందు నంబరు రాసి, పుస్తకాన్ని సారు వైపు తిప్పింది.

"కారణం ఏం రాయమంటారు సార్?"

సారు తన వేళ్ల వంక చూసుకున్నారు. "చాలా కాలమైందమ్మా నేను పట్టి."

"అయితే చేతి పొరపాటే అంటారా? సంతకం మీరు పెడతారా?"

ఎగతాళికి అనలేదామె. అలా అనుంటే ఆయన కోప్పడి బయటపడేవారు. నిజంగానే అడిగింది, పెన్ను కూడా చేతికిచ్చింది. సారు ఆ ఖాళీ గడిని చాలాసేపు చూశారు. పెన్ను బల్ల మీద పెట్టి, "ఆ వరస ఖాళీగా ఉంచు. శుక్రవారం దాకా ఉంచు," అని లేచి వెళ్లారు.

గురువారం పొద్దున్న పంతొమ్మిదో గుంటలో ఒకటి కట్టింది. ఒక్కటే. పుల్లలా లేదది, నలుపలకల బిళ్లలా ఉంది, అంచులు చెక్కినట్టు పదునుగా. అయిదేళ్లకి పైగా కత్తెర పలుకులు చూస్తోంది, ఈ ఆకారం ఎన్నడూ చూడలేదు. గట్టిగా అరవాలనిపించింది. తలుపు చప్పుడుకే అలిగే జాతి అది, అందుకని నోరు మూసుకుంది.

ఉచ్చు చేతిలోకి తీసుకుంది. మైక్రోస్కోపులో ఉచ్చు కొస గజగజ వణుకుతోంది. ఆపి, మళ్లీ పట్టింది. మళ్లీ అంతే. ఒకవేళ నాలుగు వరసల్లోనూ సారు రాసింది నిజమేనేమో, తన చెయ్యి ఇంతేనేమో అనిపించింది. అలా అనిపించినందుకే భయమేసింది. గాజుబిళ్లని మళ్లీ గుంట మీద మూసి, కిందికి పరిగెత్తింది.

"బాబాయ్, వణుకుతోంది."

బాబాయి ఏమీ అడగలేదు. ఆమె చేతుల్ని మణికట్ల దాకా వేడినీళ్ల తొట్లో ముంచి, పైన తన చేతులు ఆనించి ఉంచాడు.

"నేను చెప్పిందేమిటి? ఊపిరి పీల్చేటప్పుడు ఎత్తకూడదు, బిగబట్టి అసలే ఎత్తకూడదు. వదలాలి. పూర్తిగా వదిలేశాక, మళ్లీ పీల్చేలోపు కాస్త ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో ఎత్తు."

పైకి వెళ్లి, ఊపిరి వదిలి, ఆ ఖాళీలో ఎత్తింది. పలుకు ఉచ్చులో నిలిచింది.

మధ్యాహ్నానికి దాన్ని ఎక్స్‌రే యంత్రంలో పెట్టారు. రాత్రంతా యంత్రం తన పని తను చేసుకుపోయింది. శుక్రవారం పొద్దున్న, రీసెర్చ్ చేస్తున్న కంప్యూటరు అమ్మాయి లెక్కలన్నీ కట్టి తెర మీద బొమ్మ తిప్పింది. పెద్దసారు, మందులు తయారుచేసే కెమిస్టు, వెనకాల పలుకులమ్మ. గాడి మధ్యలో పదిహేడో మందు సుఖంగా కూర్చుని ఉంది. దాని మీదికి రెప్ప వాలిపోయింది. సగం కాదు, పూర్తిగా.

"మూసుకుంది!" అంది కంప్యూటరు అమ్మాయి.

సారు తెర దగ్గరికి వంగి, రెప్ప కొసని వేలితో ముట్టుకోబోయి ఆగారు. గోడ మీది బొమ్మ వంక ఒకసారి చూశారు. తర్వాత అందరూ వినేలా, "ఇది పలుకులమ్మ పట్టుదల. నేను వద్దన్నాను," అన్నారు. పదేళ్ల బొమ్మని పక్కన పెట్టడం ఎవరికైనా కష్టమే. ఆయన మాట మింగకుండా అన్నారు, అందుకు మెచ్చుకోవాలి.

బుధవారం నాటి ఖాళీ గడిలో సారు 'రెప్ప మూసుకుంది' అని రాశారు. సోమవారం రాసిన అయిదో కారణాన్నీ అలాగే దిద్దారు. కిందటి వారం గురు, శుక్రవారాలవీ, కరెంటు పోయిన రోజుదీ కూడా దిద్దారు. మొదటి వరస దగ్గర సారు పెన్ను ఎత్తితే, "అది ఉంచండి సార్, ఆ తుమ్ము నాదే," అంది పలుకులమ్మ. అందరూ నవ్వారు.

నవ్వు అయ్యాక కెమిస్టు గడ్డం గోక్కుంటూ, "ఈ పదిహేడు కొత్తదేం కాదు సార్. మన మూడో మందుకి మనవరాలు, దాన్నే మార్చి మార్చి చేసింది. అప్పట్లో మూడుతో కూడా పలుకులు పగులుతున్నాయని వదిలేశాం, గుర్తుందా?" అన్నాడు.

సారుకి గుర్తు రాలేదు. పలుకులమ్మ మాత్రం అప్పటికే బీరువా వైపు కదిలింది. బీరువా పైఅర దగ్గర స్టూలు ఎక్కి, ఆరేళ్ల కిందటి రిజిస్టరు దింపి, దుమ్ము దులిపి, పేజీలు తిప్పింది. మందు: మూడు. కారణం: చేతి పొరపాటు. కింది వరసల్లో మళ్లీ మూడు, మళ్లీ చేతి పొరపాటు. ముత్యాల్లాంటి అక్షరాలు. పక్కన వంకరగా, అణకువగా ఒక సంతకం. అంచున పెన్సిలుతో, ఎవరూ అడక్కపోయినా రాసుకున్న చిన్న అంకె: 8 ని. రెండో దాని దగ్గరా, తర్వాతి రెండింటి దగ్గరా అదే: 8 ని.

ఆమె పుస్తకాన్ని తెచ్చి సారు ముందు తెరిచి పెట్టింది. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్లీ చదివారు.

"పాత సంగతమ్మా," అన్నారు మెల్లిగా.

"పాతదే సార్. ఆయన మాత్రం ఇంకా కిందే ఉన్నాడు."

సారు ఆ సంతకాల్ని ఒక్కొక్కటే వేలితో తడిమారు. "రాసింది నేనే. దిద్దాల్సిందీ నేనే," అన్నారు. పెన్ను తీసుకుని, వదిలేసి, "ముందు నువ్వు వెళ్లి ఆయనకి చెప్పు. నువ్వే దిద్దు, ఆయన ముందు. నేను కాసేపాగి వస్తాను. ఇప్పుడు నాకు మొహం చెల్లదు," అన్నారు.

కింద బాబాయి జాడీలు కడుగుతున్నాడు. ఆమె రిజిస్టరుని తడి తగలని చోట పరిచి, జరిగింది చెప్పింది. ఆయన చేతులు తుడుచుకోకుండానే విన్నాడు. నీళ్లు మోచేతుల మీదుగా కారి నేల మీద పడుతున్నాయి.

"ఎన్ని నిమిషాలకి?" అన్నాడు.

"ఏడు."

"నాకు ఎనిమిది." ఆయన తడి వేలితో దూరం నుంచే పెన్సిలు అంకెని చూపించాడు. "చెబితే ఏమనుకుంటారోనని పెన్సిలుతో రాసుకున్నాను. తర్వాత నేనే మర్చిపోయాను. వాళ్లంతా చదువుకున్నవాళ్లు, వాళ్లే వణికిందంటే వణికే ఉంటుందనుకున్నాను."

ఆమె మొదటి వరసలో 'చేతి పొరపాటు' కొట్టేసి, పైన 'రెప్ప మూసుకుంది' అని రాసింది. రెండో వరస. మూడోది. పేజీ తిప్పి నాలుగోది. అయిదో వరస మీద పెన్ను ఆనించేసరికి ఆయన తడిచెయ్యి అడ్డం పెట్టాడు.

"దాన్ని ఉంచు."

"ఎందుకు బాబాయ్?"

"టైము చూడు."

అంచున పెన్సిలు అంకె లేదు. టైమరు నొక్కేదాకా కూడా రాలేదన్నమాట.

"ఎత్తుతూండగానే పోయింది. అది నా చెయ్యే," అన్నాడాయన. "ముందు నాలుగు సంతకాలు పెట్టాక, అయిదోసారి నిజంగానే వణికింది తల్లీ."

పలుకులమ్మకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. నిన్న తన ఉచ్చు కొస వణికిన వణుకు ఆమె కళ్ల ముందే ఉంది. తనకి ఇంకొక్క సంతకమే తక్కువైంది, అంతే. కొంగో రుమాలో వెతుక్కునే ఓపిక లేక మోచేత్తో మొహం తుడుచుకుంది.

"ఇప్పుడు వణుకుతుందా?"

ఆయన కుడిచెయ్యి ఎత్తి, ఎవరిదో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "ఏమో. ఆరేళ్లయింది, దాన్ని అడగలేదు."

"సోమవారం పద్దెనిమిదో మందు వస్తోంది. ఎనిమిదింటికి పైకి రా. మొదటి పలుకు నువ్వే ఎత్తాలి."

"పగిలితే?"

"ఎన్ని నిమిషాలకి పగిలిందో రాద్దాం. ఈసారి పెన్నుతో."

మెట్ల మీద సారు అడుగుల చప్పుడు వినపడింది. బాబాయి చేతులు ఉండ చుట్టిన గుడ్డకి తుడుచుకున్నాడు, ఒక్కో వేలు విడివిడిగా, సందుల్లో కూడా తడి లేకుండా.

"ఏడున్నరకే వస్తాను," అన్నాడు. "ఆ గది చలికి వేళ్లు అలవాటు పడాలంటే అరగంట కావాలి."